పంతొమ్మిది చోట్ల దొరికిన వాక్యం

మామూలు మనుషులు ఎదురుపడితే "బావున్నావా?" అంటారు. పాయింట్లన్న "ఎన్నున్నాయి?" అనేవాడు. ఎదుటివాడు కూడా ఏవి ఎన్ని అని తిరిగి అడిగేవాడు కాదు. "అరవై అయిదన్నా, ఇంకో అయిదు తక్కువ" అని పరీక్ష తప్పిన పిల్లాడిలా నేల చూసేవాడు.

చదువుకోడానికి వచ్చి అక్కడే ఉండిపోవాలనుకునేవాళ్ళకి ఆ దేశం పెట్టిన లెక్క అది. వయసుకి ఇన్ని, ఇంగ్లీషు పరీక్షకి ఇన్ని, చదువుకి ఇన్ని, చేసిన ఉద్యోగానికి ఇన్ని. అన్నీ కూడితే గీత దాటాలి. గీత దాటినా చాలదు, చేసే పని సర్కారువారి జాబితాలో ఉండాలి. రెండూ కుదిరితే పీఆర్ వస్తుంది. అంటే ఇక ఎవరూ పొమ్మనని కాగితం. ఈ లెక్క పాయింట్లన్నకి వచ్చినంత బాగా దాన్ని కనిపెట్టినవాళ్ళకి కూడా రాదని అందరి నమ్మకం. కొత్తగా దిగినవాడు సూట్‌కేసు కింద పెట్టకముందే వాణ్ణి వంకాయలు తూచినట్టు తూచేసేవాడు. వయసులో ముప్ఫై వస్తాయి, ఇంగ్లీషులో పది పోతాయి, పెళ్ళయిందా, ఆవిడకి ఇంగ్లీషు వచ్చా, అయితే అయిదు కలుపుకో, రాకపోతే నేర్పించు, అంతదాకా దెబ్బలాటలు కూడా ఇంగ్లీషులోనే ఆడుకోండి అనేవాడు.

ఆయన తూచి చెప్పినవాళ్ళంతా ఒడ్డెక్కారు. తన దగ్గరికొచ్చేసరికి మాత్రం తొమ్మిదేళ్ళయినా ముల్లు కదల్లేదు.

తప్పు తెలివిది కాదు, తొందరది. ఇరవై మూడేళ్ళకి వచ్చినప్పుడు ఆయన చేరింది అకౌంట్ల కోర్సులో. జాబితాలో అకౌంట్లవాళ్ళకి పెద్దపీట ఉందని చేరాడు. డిగ్రీ చేతికొచ్చిన నెలలోనే జాబితా లోంచి అకౌంట్లు ఎగిరిపోయాయి. వంటవాళ్ళు వచ్చారు. సరేనని వంట కోర్సులో చేరి, ఉల్లిపాయని ఎన్ని రకాలుగా తరగొచ్చో ఆరు నెలలు నేర్చుకుంటూ ఏడో రకం దగ్గరుండగా వంటవాళ్ళకి షరతులు మార్చారు. అప్పుడు పట్టుకున్నాడు కార్ల సొట్టలు తీసే పని. అదొక్కటీ జాబితాలో నిలిచింది. అక్కడి జనం ఒకళ్ళనొకళ్ళు గుద్దుకోవడం ఏ ఏడూ మానలేదు మరి.

ఆయన ఉండే ఇంట్లో మూడు గదులు, ఆరుగురు మగాళ్ళు, ఒక బాత్రూమ్. బాత్రూమ్ తలుపు మీద ఎవరి వంతు ఎప్పుడో రాసిన కాగితం. వంటింటి గోడకి, ఇంకెవరింట్లోనైనా క్యాలెండర్ ఉండే చోట, ఆ జాబితా. కొత్తది వచ్చినప్పుడు పాతదాని మీదే అతికించేవాళ్ళు. తొమ్మిదేళ్ళకి అది పరుపంత మందమైంది. గోడకి మేకు కొట్టాలంటే ముందు జాబితాల్లోంచి దిగాలి.

ఇక ఇంగ్లీషు పరీక్ష. దాన్ని ఏడుసార్లు రాశాడు. కోచింగ్‌లో వాళ్ళు భాష నేర్పరు, వాక్యాలు నేర్పుతారు. "ఈ ఆధునిక యుగంలో" అని మొదలుపెట్టాలి, "మరోవైపు చూసినట్లయితే" అని మలుపు తిప్పాలి, "అత్యున్నత ప్రమాణాలకు అనుగుణంగా" అని ఎక్కడో ఒకచోట గుచ్చాలి. ఏడు దఫాల్లో అవి ఆయన నాలుక మీద కాయలు కాచాయి. అన్నంలో ఉప్పు తగ్గిందని చెప్పాలన్నా ఒకవైపు రుచి, మరోవైపు ఆరోగ్యం అని ఎత్తుకుంటాడని గదిలోవాళ్ళు ఏడిపించేవారు.

ఆ ఇంగ్లీషే ఆయన్ని ఊరికి ఆస్థాన లేఖకుణ్ణి చేసింది. పీఆర్‌కి పెట్టేటప్పుడు, వీడు మా దగ్గర ఫలానా పని చేస్తున్నాడని యజమాని ఒక ఉత్తరం ఇవ్వాలి. యజమానులకి అంత ఓపికెక్కడిది? నువ్వే రాసుకురా, సంతకం పడేస్తా అంటారు. మొదట అలా అడిగించుకున్నవాడు వంటన్న. ఒక హోటల్లో కూరలు చేసేవాడు, అప్పట్లో పాయింట్లన్న పక్క మంచం. పాయింట్లన్న ఆదివారమంతా కూర్చుని ఆ ఉత్తరం రాశాడు. అంకితభావం పెట్టాడు, బృందస్ఫూర్తి పెట్టాడు, అత్యున్నత ప్రమాణాలు రెండుచోట్ల పెట్టాడు. అయినా ఏదో వెలితిగా ఉందనిపించి, చివర్లో కోచింగ్‌లో ఎవరూ నేర్పని వాక్యం ఒకటి సొంతంగా అల్లాడు. "తొలిచూలు బిడ్డను తల్లి చూసుకున్నట్టు ఇతడు ప్రతి కూరనూ చూసుకుంటాడు." రాశాక తనే నాలుగుసార్లు పైకి చదువుకున్నాడు.

వంటన్నకి అయిదో నెలలో పీఆర్ వచ్చింది.

పాయింట్లన్నది మంచి హస్తవాసి అన్నారు. మందు ఏదైనా ఇచ్చే చెయ్యి మంచిదవ్వాలన్నట్టు, ఉత్తరం ఏదైనా ఆ వాక్యం పడాలన్నారు. సెలూన్‌లో పనిచేసే చెల్లి వచ్చింది. ఆమె ఉత్తరంలో తల్లి ప్రతి తలనూ చూసుకుంది. వెల్డింగ్ తమ్ముడు వచ్చాడు. అక్కడ ప్రతి అతుకునూ చూసుకుంది. కుక్కలకి స్నానం చేయించే కొట్టులో ఒకమ్మాయి ఉండేది, ఆ పోలిక కాస్తో కూస్తో అతికింది ఆమెకే. తర్వాత్తర్వాత ఆయన్ని అడగడం కూడా మానేశారు. ఒకరి ఉత్తరం ఇంకొకరు తీసుకుని, పని పేరు మార్చుకుని పంపేసేవారు. వెల్డింగ్ తమ్ముడి దగ్గర తీసుకున్నవాడెవడో, వాడికన్నా ముందు వంటన్న ప్రతిని చూసినవాడెవడో, మొత్తానికి ఒక ఇనప గేట్ల కార్ఖానా యజమాని తన పనివాడు అతుకు పెట్టేముందు ఉప్పూకారం సరిచూస్తాడని సంతకం పెట్టి మరీ ధ్రువీకరించాడు. వాడికీ వచ్చింది పీఆర్. దాంతో అక్కడ కూర్చున్నవాళ్ళు చదవరు, తూస్తారంతే అని ఊరంతా నిర్ధారణకొచ్చేసింది.

చివరికి, ముప్ఫై మూడో పుట్టినరోజుకి నాలుగు నెలల ముందు, పాయింట్లన్నకీ అన్నీ కుదిరాయి. ముప్ఫై మూడు నిండితే వయసు పాయింట్లలో కోత పడుతుంది, ఆ కోత పడితే ఇక గీత అందదు. కాబట్టి ఇదే మొదటిదీ, ఇదే ఆఖరిదీ. సొట్టల షెడ్డులో అయిదేళ్ళ పని ఉంది. ఉత్తరం రాసుకున్నాడు. ఊరందరికీ పెట్టిన వాక్యాన్ని తనకి పెట్టుకోకుండా ఉంటాడా? ప్రతి బండినీ తల్లి తొలిచూలు బిడ్డలా చూసుకుంది. షెడ్డు యజమానిని అందరూ పెద్దాయన అనేవారు. నోట్లో మాటకన్నా మేకులే ఎక్కువ ఉండే మనిషి. కళ్ళజోడు నుదుటి మీదే ఉంచుకుని సంతకం పెట్టి, కాగితానికి పుట్టీ అంటించి ఇచ్చాడు.

మూడు నెలలు దాటాక ఆఫీసు నుంచి జవాబొచ్చింది. అక్కడివాళ్ళు చదవరన్న మాట అబద్ధం. ఆలస్యంగా చదువుతారు. మీరు సమర్పించిన ఉత్తరంలోని భాగాలు ఇప్పటికే మా దగ్గరున్న పంతొమ్మిది ఉత్తరాలతో సరిపోలుతున్నాయి, అవి వంటశాలలు, సెలూన్లు, కార్ఖానాలు, ఒక జంతు సంరక్షణ కేంద్రం నుంచి వచ్చినవి, కనుక మీ ఉత్తరం నకలు అని అనుమానిస్తున్నాం, ఇరవై ఎనిమిది రోజుల్లో సంజాయిషీ ఇవ్వకపోతే దరఖాస్తు తిరస్కరిస్తాం అని ఉంది. కింద ఆ తల్లీబిడ్డల వాక్యాన్ని పసుపు గీతతో విడిగా చూపించారు.

ఊరికంతటికీ ఉత్తరం రాసినవాడి ఉత్తరమే నకలైంది. గదిలోవాళ్ళకి నవ్వాలో ఏడవాలో తెలియక టీ పెట్టారు. ఇరవై ఎనిమిదో రోజుకి పాయింట్లన్న పుట్టినరోజు దాటి మూడు రోజులవుతుంది. అంటే ఈ దరఖాస్తు పోతే మళ్ళీ పెట్టుకోడానికి పాయింట్లుండవు. పెట్టె సర్దుకోవడమే.

ఆయన బుర్రకి తోచిన దారి ఒక్కటే. ఆ పంతొమ్మిది మందిలో ముగ్గురు, "ఈ వాక్యం అసలు ఈయనదే, మాకు రాసిచ్చింది ఈయనే" అని ఒక్క ముక్క రాసిస్తే చాలు. పీఆర్ వచ్చినవాళ్ళు, ఇళ్ళు కొనుక్కున్నవాళ్ళు, వాళ్ళకేం భయం అనుకున్నాడు. కాగితం లేనివాడికి ఉండేది ఒక భయమే. కాగితం వచ్చినవాడికి అది పోతుందేమోనన్న భయం తోడవుతుంది. తొమ్మిదేళ్ళ లెక్కల్లో ఈ లెక్క ఆయనకి తగల్లేదు.

వంటన్న ఇప్పుడు రెండంతస్తుల ఇంట్లో ఉంటున్నాడు. పాయింట్లన్నని కౌగిలించుకుని, కొత్త సోఫా మీద కూర్చోబెట్టి, సోఫా మీద ప్లాస్టిక్ కవరు తీయనందుకు ఏమీ అనుకోవద్దని చెప్పి, ఇల్లంతా తిప్పి చూపించాడు. నువ్వు లేకపోతే ఈ మెట్లు లేవు, ఈ గోడలు లేవు అన్నాడు. సంగతి విన్నాక మాత్రం మెట్లమీదే నిలబడిపోయాడు.

"అన్నా, నీకోసం ప్రాణమిమ్మన్నా ఇస్తాను. సంతకం మాత్రం అడగకు."

సెలూన్ చెల్లికి ఫోన్ చేస్తే భర్త ఎత్తి, నిద్రపోతోందన్నాడు. మధ్యాహ్నం చేసినా నిద్రే, మర్నాడు పొద్దున చేసినా నిద్రే. వెనకాల ఆమె గొంతు, కూర మాడుతోంది చూడమని, స్పష్టంగా వినిపించింది. వెల్డింగ్ తమ్ముడు అసలు ఆ ఉత్తరం తనకి ఎవరో రాసిచ్చారన్న సంగతే మర్చిపోయాడు. నేనే రాసుకున్నట్టు గుర్తన్నా అన్నాడు. అంతలా నమ్మి అంటున్నవాణ్ణి కాదనబుద్ధి కాలేదట పాయింట్లన్నకి.

ఏరు దాటినవాళ్ళు తెప్ప తగలేశారని గదిలోవాళ్ళు తిట్టారు. తగలేసినా బావుండేది, తెప్ప ఎక్కిన సంగతే ఒప్పుకోవడం లేదన్నాడు పాయింట్లన్న.

అదే ఊళ్ళో ఆయన అక్క ఉండేది. నర్సు. తమ్ముడు వచ్చిన నాలుగేళ్ళకి, తమ్ముడి సలహా మీదే, నర్సింగ్ చదవడానికి వచ్చింది. వచ్చింది, చదివింది, ఆసుపత్రిలో చేరింది, ఏడు నెలల్లో పీఆర్ తెచ్చుకుంది. ఒక్క పాయింటు కూడా ఎప్పుడూ లెక్కపెట్టుకోలేదు. భర్త బస్సు నడుపుతాడు. ఆయన పీఆర్ అక్క దరఖాస్తులో రెండో పేరుగా వచ్చింది. అయినా బామ్మర్దిని చూస్తే ఆయనకి నోరూరేది. ఏం బామ్మర్దీ, ఈ ఏడు జాబితాలో ఏముంది, గారడీవాళ్ళని తీసుకుంటున్నారా, నేర్చుకో మరి అని పలకరించేవాడు.

ఆ ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక పాయింట్లన్న సంగతంతా చెప్పాడు. అక్క లేచి వెళ్ళి తన ఫైలు తెచ్చింది. అందులోంచి ఆసుపత్రి ఇచ్చిన ఉత్తరం తీసి బల్ల మీద పెట్టింది. తొలిచూలు బిడ్డను తల్లి చూసుకున్నట్టు ప్రతి రోగినీ చూసుకుంటుంది. అది కూడా తమ్ముడు రాసిందే. ఆ మాట పాయింట్లన్నకి గుర్తుంది. అక్కని అడగాల్సి రాకూడదనే, ముందు మిగతావాళ్ళందరినీ అడిగి, ఆఖరికి ఇక్కడికొచ్చాడు.

"నేను రాసిస్తాను," అంది అక్క. "నీదేనని."

బావ చేతిలో గ్లాసు అక్కడే ఆగింది. ఆ రోజు సంగతి, రోజూ ఆయన బస్సెక్కే నాకు చెప్పింది ఆయనే, తన మాటలు తను దాచుకోకుండా.

"బామ్మర్దీ, నువ్వు మునుగుతూ గట్టు మీదవాళ్ళ కాళ్ళు కూడా పట్టుకుంటావా? నీ కాగితం కోసం మా కాగితం చింపుకోవాలా?"

అక్క ఆయన వైపు తిరగను కూడా తిరగలేదు. "మీరు గట్టెక్కింది ఎవరి భుజాల మీదో గుర్తుందా? నావి. నన్నెక్కించింది వీడు. ఇప్పుడు చెప్పండి, ఎవరి కాళ్ళు ఎవరు పట్టుకున్నారో."

బావ గ్లాసు దించి మంచినీళ్ళకని లోపలికి పోయాడు. గ్లాసు నిండుగానే ఉంది.

పాయింట్లన్న అక్క ఉత్తరాన్ని మడిచి మళ్ళీ ఫైల్లో పెట్టేశాడు. వద్దన్నాడు. వాళ్ళు చెప్పిన పంతొమ్మిదిలో ఆసుపత్రి లేదు, నువ్వెళ్ళి నేనూ ఒకదాన్నని చెయ్యెత్తకు అన్నాడు. సంజాయిషీ నేనే రాస్తాను, ఈసారి ఇంకా బాగా రాస్తాను అన్నాడు.

ఆ చివరి మాటకి అక్కకి ఒళ్ళు మండింది. బాగా రాసే ఇక్కడిదాకా తెచ్చుకున్నావంది. ఆసుపత్రి నుంచి తెచ్చుకున్న నోటు పుస్తకం తీసి, పెన్ను మూత విప్పింది.

"నువ్వు రాయకు. చెప్పు, నేను రాస్తా. నిన్న షెడ్డులో ఏం చేశావు?"

పాయింట్లన్న గొంతు సవరించుకున్నాడు. "ఈ ఆధునిక యుగంలో రవాణా రంగం..."

అక్క పెన్ను కింద పెట్టింది. "నిన్న పొద్దున ఎన్నింటికెళ్ళావు?"

"ఏడుంబావుకి."

"వెళ్ళి ఏం చూశావు?"

"తలుపు."

"ఏ తలుపు?"

"ఎడమవైపు వెనకది. ఎవరో స్తంభానికి రాసుకుపోయారు. జానెడు పొడుగు సొట్ట, మధ్యలో రేకు సాగింది."

"సాగిందని ఎలా తెలిసింది?"

ఆయన చెప్పడానికి తడుముకుని, బల్ల మీదున్న పల్చటి తుడుపుగుడ్డ తీసి అరచేతి కింద పెట్టుకుని బల్లని నిమిరాడు. వట్టి చెయ్యి అబద్ధం చెబుతుంది, గుడ్డ మధ్యలో ఉంటే రేకు లేచిందో లొంగిందో వేళ్ళకి తెలుస్తుందన్నాడు. నొక్కితే సాగిన రేకు టప్పుమని లోపలికెళ్ళి మళ్ళీ బయటికొస్తుందన్నాడు. అక్క అదంతా రాసింది. తర్వాతేం చేశావంది. లోపలి అట్ట ఊడదీశాడు. వెనక ఇనప దిమ్మె ఆనించి బయటి నుంచి చిన్న సుత్తితో సొట్ట అంచుల నుంచి మధ్యకి కొట్టుకుంటూ వచ్చాడు. మధ్యలో మొదలుపెడితే రేకు ఇంకా సాగుతుంది. పదింటికి పల్చగా పుట్టీ పూశాడు. ఆరాక గరుకు కాగితంతో రుద్దాడు. ట్యూబులైటు వెలుగు తలుపు మీద తిన్నగా పడుతోందో వంకరపోతోందో చూశాడు. ఒకచోట వంకరపోయింది. మళ్ళీ పూసి మళ్ళీ రుద్దాడు.

"పూర్తయిందా?"

"లేదు. ప్రైమర్ సోమవారం. రంగు కలిసిందో లేదో ఎండలో చూడాలి, లైటు కింద చూస్తే మోసపోతాం."

అక్క అన్నిటినీ ఆసుపత్రిలో రోగుల మంచాలకి వేలాడే కాగితంలా రాసింది. టైము, చూసింది, చేసింది, మిగిలింది, సంతకం. వాళ్ళ పనిలో అది తప్పించి ఇంకోలా రాస్తే ఊరుకోరు. రోగి అత్యున్నత ప్రమాణాలకు అనుగుణంగా కోలుకుంటున్నాడని రాస్తే, జ్వరం ఎంతుందో చెప్పవమ్మా అని డాక్టరు మొహాన కొడతాడు. అలా అయిదు రోజుల పని, అయిదు బళ్ళు, మూడు పేజీలు అయింది. ఒక్క తల్లి లేదు, ఒక్క బిడ్డ లేదు. పాయింట్లన్న చదువుకుని, ఒంటి మీద బట్టల్లేనట్టు ఉందన్నాడు.

చివర్లో ఒకటి మాత్రం తనే చెప్పి రాయించాడు. ఆ తల్లీబిడ్డల మాట నాదే. బావుందని అడిగినవాళ్ళకల్లా ఇచ్చాను. ఎవరెవరికో చెప్పను. వాళ్ళు చేసే పని వాళ్ళదే, మాట ఒక్కటే నాది.

అప్పటికి మంచినీళ్ళ నుంచి తిరిగొచ్చిన బావ అది విని, నీ గొయ్యి నువ్వే తవ్వుకుని పార కూడా వాళ్ళకి పంపిస్తున్నావన్నాడు. కానీ మర్నాడు వీధి చివర పోస్టాఫీసుకి బస్సులో దింపింది ఆయనే. టిక్కెట్టు అడగలేదు.

పదిహేను రోజులకి, పుట్టినరోజు రేపనగా, షెడ్డుకి ఆఫీసు నుంచి, ముందే కబురు పెట్టి, ఒకావిడ వచ్చింది. చేతిలో పలక లాంటి కంప్యూటరు, కాళ్ళకి పుట్టీ దుమ్ము అంటుతుందేమోనని అడుగు తీసి అడుగు వేస్తోంది. పాయింట్లన్న ముందు రోజంతా మాటలు తయారుచేసుకున్నాడు, ఒకవైపు నుంచీ మరోవైపు నుంచీ. ఆవిడ ఆయన్ని ఏమీ అడగలేదు. స్టాండు మీదున్న బానెట్ చూపించి, పని చేసుకోండి, నేను చూస్తూ ఉంటానంది. ఆయన గుడ్డ అరచేతి కింద పెట్టుకుని నిమిరాడు. కళ్ళు మూసుకున్నాడు. మాటల అవసరం లేకపోయేసరికి చెయ్యి దాని దారిన అది పోయింది. ముప్పావు గంట అలాగే చూసి, ఆవిడ మూడు పేజీల కాగితం తీసి ఒక్కో వరుస పక్కనా టిక్కు పెట్టుకుంది.

తర్వాత పెద్దాయన దగ్గరికెళ్ళింది. మొదటి ఉత్తరం చూపించి, ఈ సంతకం మీదేనా అంది. నాదే అన్నాడు. చదివే పెట్టారా అంది. లేదన్నాడు. అయితే ఇప్పుడు వినండని ఆ వాక్యం పైకి చదివింది. షెడ్డులో రుద్దుతున్నవాళ్ళందరి చేతులూ ఆగాయి. ప్రతి బండినీ తొలిచూలు బిడ్డను తల్లి చూసుకున్నట్టు చూసుకుంటాడా, ఇది నిజమేనా అని అడిగింది.

పెద్దాయన నోట్లో మేకులు ఒక్కోటీ తీసి డబ్బాలో వేశాడు. పాయింట్లన్నకి ఆ డబ్బా చప్పుడు తొమ్మిదేళ్ళంత పొడుగ్గా వినిపించిందట.

"లేదు," అన్నాడు పెద్దాయన. "బండిని బండిలాగే చూస్తాడు. అందుకే ఉంచుకున్నాను."

ఆవిడ అది కూడా టైపు చేసుకుని వెళ్ళిపోయింది. పాయింట్లన్న, పెద్దాయన ఒక్క మాటతో ముంచేశాడనుకుని, మిగిలిన పూట బానెట్‌ని అవసరానికి మించి రుద్దాడు. పుట్టినరోజు వచ్చింది, పోయింది. వయసు పాయింట్లు రాలిపోయాయి. గదిలోవాళ్ళు కేకు తెస్తే, దీనికి మైనస్ అయిదు అన్నాడు.

కాగితం ఆ తర్వాత తొమ్మిదో రోజున వచ్చింది. ఇచ్చేశారు.

అక్కింటికి పట్టుకెళ్ళాడు. అక్క చదివి, ఏదో అనుమానమొచ్చి, తన ఫైల్లోంచి మూడేళ్ళ కిందట తనకొచ్చిన కాగితం తీసి పక్కన పెట్టింది. మీ దరఖాస్తును అత్యంత శ్రద్ధతో, అత్యున్నత ప్రమాణాలకు అనుగుణంగా పరిశీలించి, మిమ్మల్ని మా సమాజంలోకి హృదయపూర్వకంగా ఆహ్వానిస్తున్నాం. పేరూ తేదీ తప్ప, రెండిట్లోనూ అక్షరం పొల్లుపోలేదు.

"వీళ్ళకీ ఒక నోటీసివ్వాలక్కా," అన్నాడు పాయింట్లన్న. "ఇరవై ఎనిమిది రోజుల గడువు పెట్టి."

బావ చాలాసేపు నవ్వి, ఇక బామ్మర్దిని ఏమని ఏడిపించాలో తెలియక దిగులుపడ్డాడు.

వార్త ఎలా పాకిందో గానీ, ఆ వారంలోనే సెలూన్ చెల్లికి మెలకువ వచ్చింది. ఫోన్ చేసి, నాకు ముందే తెలుసన్నా నీకొస్తుందని అంది. వెల్డింగ్ తమ్ముడు, మనం రాసిన ఉత్తరాలంటే మాటలా అన్నాడు. వంటన్న స్వీటు డబ్బాతో స్వయంగా వచ్చాడు. పాత మంచం మీద కూర్చుని, గోడ మీది జాబితాల పరుపుని ఆప్యాయంగా తడిమి, అసలు సంగతి బయటపెట్టాడు. వంటన్న బామ్మర్ది కూడా వంట కోర్సు పూర్తిచేసి హోటల్లో పనిచేస్తున్నాడు. నర్సు కాగితంలాంటిది ఏదో రాశారట కదా, పని పేరు మార్చుకుంటాడు, అదొక్కటి ఫోన్‌లో పంపన్నా అన్నాడు.

పాయింట్లన్న కాదనలేదు. అలాగని పంపనూ లేదు. మనిషి మారాడని గదిలోవాళ్ళు అనుకున్నది అక్కడే. ఆదివారం మీవాణ్ణి రమ్మను, నిన్న ఏం చేశాడో గుర్తుపెట్టుకుని రమ్మను అన్నాడు.

ఆదివారం ఆ బామ్మర్ది ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. పాయింట్లన్న బల్ల ముందు కూర్చుని, కొత్త నోటు పుస్తకం తెరిచి, ఎడమ పక్క టైము కోసం గీత గీసి, పెన్ను పట్టుకున్నాడు.

"చెప్పు. నిన్న పొద్దున వంటింట్లోకి వెళ్ళి ఏం చేశావు?"

బామ్మర్ది నిటారుగా కూర్చుని గొంతు సవరించుకున్నాడు.

"ఈ ఆధునిక యుగంలో..."

పాయింట్లన్న పెన్ను కింద పెట్టి, టీ పెట్టడానికి లేచాడు. ఇది చాలాసేపు పట్టే పని.